సంతకానికి ముందే ప్లీడరు గడప

ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడని మన పల్లెల్లో ఓ మాట ఉంది. ఏళ్ల తరబడి వాయిదాలకు తిరిగిన కుటుంబాలను చూసినవాళ్లెవరూ ఆ మాటను కొట్టిపారేయలేరు. కానీ దానివల్ల ఒక నష్టం కూడా జరిగింది. కోర్టంటే ఉన్న భయాన్ని ప్లీడరు మీదికి మళ్లించాం. ఆయన గడప తొక్కితే కేసు మొదలైనట్టేనని అనుకుంటాం. అందుకే తెలిసిన డాక్యుమెంట్ రైటర్నో, రెవెన్యూ ఆఫీసులో పనిచేసి రిటైరైన చుట్టాన్నో, ఊరి పెద్దమనిషినో అడిగి పని కానిచ్చేస్తాం. పీకల మీదికొచ్చాక లాయరు దగ్గరికి పరిగెడతాం. అప్పటికి ఆయన చేతిలో మిగిలేది కేసు వేయడం ఒక్కటే.

నిజానికి లాయరు అక్కరకొచ్చేది కోర్టు బయటే ఎక్కువ. అరగంట కూర్చుని నాలుగు కాగితాలు చూపించి, సలహా ఫీజు ఇచ్చి వస్తే ఆగిపోయే తగాదాలు ఎన్నో ఉన్నాయి. మీ సంతకం ఒక కాగితం మీద పడబోతున్నప్పుడు, ఎదుటివాడి కాగితం మీ ఇంటికి వచ్చినప్పుడు, చట్టం పెట్టిన గడువు నడుస్తున్నప్పుడు ఆలస్యం చేయకండి. మిగతా పనులు చాలావరకు మీరే చేసుకోవచ్చు.

అప్పు, నోటు, చెక్కు

మన దగ్గర చేతి అప్పులకు ప్రోనోటే ఆధారం. నోటు రాయించుకుని బీరువాలో పెట్టి నిశ్చింతగా ఉండేవాళ్లు చాలామంది. కానీ ఆ నోటుకు ఆయుష్షు మూడేళ్లే. 'అడిగినప్పుడు చెల్లిస్తాను' అని రాసిన నోటైతే, రాసిన తేదీ నుంచి మూడేళ్లలోగా దావా పడాలి. దాటితే కాలదోషం పట్టినట్టే. బాకీదారు చుట్టం, అడిగితే ఏమనుకుంటాడో అని మొహమాటపడినవాళ్లే ఇక్కడ ఎక్కువగా మునుగుతారు.

దావా వేయకుండా గడువు నిలుపుకునే దారి ఉంది. మూడేళ్లు నిండేలోగా వడ్డీ కిందో అసలు కిందో కొంత జమ తీసుకుని, నోటు వెనక చెల్లు రాయించి, తేదీ వేయించి, బాకీదారు చేతే సంతకం పెట్టించుకోండి. ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు వస్తాయి. చెల్లు మీరే రాసుకుని మీరే సంతకం చేసుకుంటే పనికిరాదు. గడువు దాటాక వేయించిన చెల్లుకూ బలం లేదు. అప్పుడు కావలసింది, పాత బాకీ తీరుస్తానని మాటిస్తూ బాకీదారు సంతకంతో కొత్త కాగితం. కాలదోషం పట్టిన అప్పైనా సరే, తీరుస్తానని రాసి సంతకం చేస్తే కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్ దాన్ని ఒప్పుకుంటుంది. ఇంకో సంగతి. చాలా దస్తావేజుల్లో స్టాంపు తక్కువైతే తర్వాత లోటు, జరిమానా కట్టి సరిచేసుకోవచ్చు. ప్రోనోటుకు ఆ వీలు లేదు. రెవెన్యూ స్టాంపు సరిగా అంటించారా లేదా అన్నది నోటు రాసిన రోజే చూసుకోవాలి.

చెక్కు సంగతిలో గడువులు ఇంకా బిగువు. చెక్కు మీది తేదీ నుంచి మూడు నెలల్లోపు బ్యాంకులో వేయాలి. డబ్బు లేదని వెనక్కి వస్తే, ఆ సంగతి బ్యాంకు మీకు తెలిపిన నాటి నుంచి 30 రోజుల్లోగా రాతపూర్వకంగా నోటీసు పంపాలి. నోటీసు అందాక డబ్బు కట్టడానికి ఎదుటివాళ్లకు 15 రోజులు. అప్పటికీ కట్టకపోతే అక్కడి నుంచి ఒక నెలలోగా మేజిస్ట్రేట్ కోర్టులో ఫిర్యాదు చేయాలి. నేరం రుజువైతే రెండేళ్ల దాకా జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా ఉండొచ్చు. చెక్కు తిరిగొచ్చాక 'వచ్చే నెల ఇస్తా, పై నెల ఇస్తా' అనే మాటలు నమ్మి ఆ 30 రోజులూ పోగొట్టుకోవడం మామూలుగా జరిగేదే. చెక్కుకు ఇంకా మూడు నెలలు నిండకపోతే మళ్లీ వేసి, మళ్లీ తిరిగొస్తే కొత్తగా నోటీసు ఇచ్చుకోవచ్చు. ఆ మూడు నెలలూ దాటాయంటే చెక్కు బౌన్సు కేసులకున్న 138వ సెక్షన్ దారి మూసుకుపోయినట్టే. నోటీసులో అడిగే మొత్తం చెక్కు మీది మొత్తంతో సరిపోవాలి. ఇక్కడ చిన్న తేడా కూడా కేసును పడగొడుతుంది. అందుకే చెక్కు తిరిగొచ్చిన వారంలోనే, బ్యాంకు ఇచ్చిన రిటర్న్ మెమోతో లాయరును కలవమంటాను.

సంతకం పెట్టి ఖాళీ చెక్కు ఇచ్చేవాళ్లకు ఓ ధీమా ఉంటుంది: 'పేరూ మొత్తమూ నేను రాయలేదు, కోర్టులో నిలవదు.' అది తప్పు. సంతకం చేసి స్వచ్ఛందంగా ఇచ్చిన చెక్కులో మిగతా వివరాలు వేరొకరు నింపినా, అది అప్పు తీర్చడానికి ఇచ్చిందేనని చట్టం ముందుగా అనుకుంటుందని 2019లో బీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాదని రుజువు చేసుకోవలసిన భారం మీ మీద పడుతుంది. ఖాళీ ప్రోనోటుదీ ఇంచుమించు అదే కథ.

హామీ సంతకం గురించి మరీ గట్టిగా చెప్పాలి. తోటి ఉద్యోగి చిట్టీ పాడుకున్నాడని, బావమరిది బ్యాంకులో లోను తీసుకుంటున్నాడని వెళ్లి సంతకం పెట్టి వస్తాం. 'వాడు కట్టకపోతే కదా' అనుకుంటాం. కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, హామీదారు బాధ్యత అసలు బాకీదారు బాధ్యతతో సమానం. 'ముందు అతన్ని అడగండి, రాకపోతే నా దగ్గరికి రండి' అనే హక్కు మామూలుగా ఉండదు. నేరుగా మీ జీతం మీదికే రావొచ్చు. కాదనలేని బంధుత్వమైతే, సంతకం పెట్టే ముందు ఆ కాగితం నకలు తీసుకుని ఒక లాయరు చేత చదివించండి. ఎంత మొత్తానికి, ఎంత కాలానికి హామీ అన్నది తెలిసి పెట్టండి.

భూమి, ఇల్లు

స్థలం కొనేవాళ్లు ముందు అడిగేది ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్). మంచిదే. కనీసం 30 ఏళ్లకు తీయించండి. అయితే ఈసీలో కనిపించేది రిజిస్టరైన లావాదేవీ మాత్రమే. అన్నదమ్ములు నోటిమాటగా పంచుకున్నది, రిజిస్టరు చేయని వీలునామా, కోర్టులో నడుస్తున్న దావా అందులో కనపడకపోవచ్చు. పట్టాదారు పాసుపుస్తకంలో అమ్మేవాడి పేరు ఉన్నంత మాత్రాన సొంత హక్కు పూర్తిగా తేలినట్టూ కాదు. తాత పేరు మీది భూమి ఒక్క మనవడి పేరు మీదికి ఎలా వచ్చిందో లింకు డాక్యుమెంట్లే చెప్పాలి. మధ్యలో ఒక్క లింకు తెగినా, సంతకం పెట్టని ఓ మేనత్త వారసులు పదేళ్ల తర్వాత గుమ్మం ముందుకొస్తారు.

ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ప్రత్యేకంగా చూసుకోవలసిన ప్రమాదం అసైన్డ్ భూమి. ప్రభుత్వం భూమిలేని పేదలకిచ్చిన ఆ భూముల అమ్మకాన్ని 1977 నాటి 9వ నంబరు చట్టం నిషేధించింది. తర్వాత రెండు రాష్ట్రాల్లో కొన్ని సడలింపులు వచ్చాయి. అవి మీరు కొనబోయే సర్వే నంబరుకు వర్తిస్తాయా లేదా అన్నది లాయరు చూసి చెప్పాల్సిన విషయం. మధ్యవర్తి మాట మీద నడిచే వ్యవహారం కాదు. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ కింద నిషేధిత జాబితాలో ఆ నంబరు ఉందేమో అడ్వాన్సు ఇవ్వకముందే చూసుకోవాలి.

వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసుకుని నోటరీ ముద్ర వేయించుకుంటే స్థలం తమదైపోయిందనుకునేవాళ్లు పట్టణాల్లో కూడా ఉన్నారు. నోటరీ చేసే పని ఆ సంతకం ఫలానా వారిదేనని ధ్రువీకరించడం. యాజమాన్యం బదిలీ చేసే శక్తి ఆ ముద్రకు లేదు. 100 రూపాయలు, అంతకుమించి విలువైన స్థిరాస్తి అమ్మకం రిజిస్టరు కావలసిందేనని 1908 నాటి చట్టం నుంచీ ఉంది. జీపీఏ (జనరల్ పవరాఫ్ అటార్నీ) రాయించుకుని 'కొన్నాం' అనుకోవడమూ అంతే. జీపీఏ అమ్మకాలతో హక్కు రాదని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. తెలంగాణ పల్లెల్లో తెల్లకాగితాల మీద రాసుకున్న సాదాబైనామాలతో రైతులు ఇప్పటికీ ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నారు. భూమి దున్నుకుంటున్నది వాళ్లే, డబ్బిచ్చిందీ వాళ్లే. కాగితం మాత్రం లేదు. ఆనాడు రిజిస్ట్రేషన్ ఖర్చు మిగిలిందనుకున్నది ఇవాళ రెండో తరం దాకా పాకింది. అది చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

కొనుగోలు అగ్రిమెంటు రాసుకునే రోజు లాయరును పిలవాల్సిన రోజు. సేల్ డీడు రాసే నాటికి మీ డబ్బు సగానికి పైగా వెళ్లిపోయి ఉంటుంది. ఏ తేదీలోగా మిగతా సొమ్ము, ఎవరెవరు సంతకం చేయాలి, కొలతలు తగ్గితే ఏం చేయాలి, టైటిల్‌లో లోపం బయటపడితే అడ్వాన్సు ఎలా తిరిగి వస్తుంది అన్నవన్నీ అక్కడే తేలాలి. అమ్మేవాళ్లు మాట తప్పితే రిజిస్టరు చేయించమని దావా వేయడానికి కూడా మూడేళ్లే గడువు.

విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లు ఇక్కడి ఆస్తి అమ్మడానికో, పంపకానికో తమ్ముడి పేరనో మామగారి పేరనో పవరాఫ్ అటార్నీ పంపుతుంటారు. భారత కాన్సులేట్‌లో ధ్రువీకరణ చేయించి పంపితే సరిపోదు. ఆ పత్రం ఇండియాలో అందిన మూడు నెలల్లోగా ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి. అమ్మే అధికారం ఇస్తున్నారా, కేవలం చూసుకునే అధికారమా అన్నది పదం పదం చూసి రాయించాలి. 'అన్ని అధికారాలూ' అని రాసి పంపే ముందు మీ తరఫున ఇక్కడ ఒక లాయరును విడిగా పెట్టుకోండి. ఆ అధికారం తీసుకుంటున్న వ్యక్తి తెచ్చిన లాయరు మీద ఆధారపడొద్దు.

ఆడపిల్లల సంతకం

ఆస్తి పంపకాల దగ్గర అక్కచెల్లెళ్లను పిలిచి, చీర పెట్టి, 'ఇక్కడో సంతకం చెయ్యమ్మా, ఊరికే ఫార్మాలిటీ' అనడం ఇప్పటికీ నడుస్తోంది. ఆ కాగితం సాధారణంగా హక్కు విడుదల దస్తావేజు. దాని మీద సంతకం పడి రిజిస్టరైతే వాటా వదులుకున్నట్టే.

ఈ విషయంలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశానికి దారి చూపింది. హిందూ ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కు ఇస్తూ ఎన్టీఆర్ ప్రభుత్వ కాలంలో చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. అప్పటికి పెళ్లయిన ఆడపిల్లలకు అది వర్తించలేదు. 2005 సెప్టెంబరు 9న వచ్చిన కేంద్ర సవరణ ఆ తేడా తీసేసింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాలా అనే సందేహాన్ని 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తీర్చింది: అక్కర్లేదు, హక్కు పుట్టుకతోనే వస్తుంది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు దస్తావేజుతోనో కోర్టు డిక్రీతోనో పంపకం అయిపోయి ఉంటే మాత్రం దాన్ని కదపలేరు. తండ్రి స్వార్జితం సంగతి వేరు. ఆయన తన ఇష్టం వచ్చినవారికి వీలునామా రాయొచ్చు. రాయకుండా పోతే భార్య, కొడుకులు, కూతుళ్లు, ఆయన తల్లి బతికుంటే ఆమె, అందరికీ సమాన వాటా.

వాటా వదులుకోవాలా, తీసుకోవాలా అన్నది ఆ ఆడబిడ్డ ఇష్టం. అన్న మీద ప్రేమతో వదులుకుంటే అది ఆమె గొప్పతనం. తెలియక పోగొట్టుకోవడం మాత్రం అన్యాయం. పుట్టింటివాళ్లు తెచ్చిన కాగితం చదవడానికి ఒక్కరోజు గడువు అడగడం తగాదా పెట్టుకోవడం కిందికి రాదు. పసుపు కుంకుమ కింద నోటిమాటగా ఇచ్చిన ఎకరం, అరెకరం కూడా అంతే. ఇచ్చిన తండ్రి ఉండగానే గిఫ్ట్ డీడు రాయించి రిజిస్టరు చేయించుకుంటే, మనవల కాలంలో గొడవ రాదు.

వీలునామాకు స్టాంపు కాగితం అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఇద్దరు సాక్షులు మాత్రం తప్పనిసరి. రాసిన మనిషి సంతకం చేయడం వాళ్లు చూసి, ఆయన ఎదుట తామూ సంతకం చేయాలి. రాసేవారి కంటే వయసులో చిన్నవాళ్లను, అందుబాటులో ఉండేవాళ్లను సాక్షులుగా పెట్టుకోవడం తెలివి. ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ ఇస్తున్నప్పుడు, రెండో పెళ్లి సంతానం ఉన్నప్పుడు, లాయరు చేత రాయించి రిజిస్టరు చేయించండి. బ్యాంకు డిపాజిట్లకు నామినీ పేరు రాశాం కదా అంటారు. నామినీ ఆ సొమ్ము బ్యాంకు నుంచి తీసుకునే మనిషి. వారసుల హక్కు అలాగే ఉంటుంది.

ఇల్లు కొడుకు పేరున గిఫ్ట్ రాసేసి, తర్వాత ఆ ఇంట్లోనే పరాయివాళ్లైపోయిన తల్లిదండ్రులను తలచుకుంటే నాకు కోపమూ దుఃఖమూ ఒకేసారి వస్తాయి. 2007 నాటి వృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్ వాళ్ల కోసమే ఉంది. బాగోగులు చూడాలన్న షరతుతో ఇచ్చిన ఆస్తిని, ఆ షరతు తప్పితే ట్రిబ్యునల్ రద్దు చేయగలదు. కాబట్టి గిఫ్ట్ డీడు రాసేటప్పుడే 'మా జీవితాంతం తిండి, వైద్యం, నివాసం చూడాలి' అనే షరతు స్పష్టంగా రాయించండి. ఆ మాట లేని దస్తావేజుల మీద కోర్టుల దాకా వాదనలు నడిచాయి. రాయించడానికి మొహమాటపడే తల్లిదండ్రుల తరఫున ఆ మాట ఎత్తాల్సింది వాళ్ల లాయరే. పోషణ కోసం ఫిర్యాదును ఆర్డీఓ దగ్గరి ట్రిబ్యునల్‌కు వాళ్లే రాసి ఇచ్చుకోవచ్చు.

నోటీసు వస్తే, స్టేషన్ నుంచి పిలుపొస్తే

లాయరు నోటీసు తెచ్చిన పోస్ట్‌మన్‌ను చూసి ఇంట్లో లేమని చెప్పించడం వల్ల ఒరిగేదేమీ లేదు. సరైన చిరునామాకు రిజిస్టర్డ్ పోస్టులో వచ్చినదాన్ని తిప్పి పంపితే అందినట్టే చట్టం భావిస్తుంది. తీసుకుని, కవరు మీద అందిన తేదీ రాసి, కవరుతో సహా లాయరు దగ్గరికి వెళ్లండి. కోపంలో వాట్సాప్‌లో జవాబులివ్వకండి. కోర్టు సమన్లైతే ఇంకా జాగ్రత్త. సివిల్ దావాలో జవాబు దాఖలుకు 30 రోజులు, కోర్టు ఒప్పుకుంటే 90 దాకా. వెళ్లకపోతే ఎక్స్‌పార్టీ డిక్రీ పడుతుంది. దాన్ని తీయించుకోవడానికి కూడా 30 రోజుల గడువే.

పోలీసు కేసుల్లో మీరే చేసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. ఎఫ్ఐఆర్ ఇవ్వడానికి లాయరు అక్కర్లేదు. ఏ స్టేషన్‌లో ఇచ్చినా తీసుకోవాలి, నకలు ఉచితంగా ఇవ్వాలి. తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపండి. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లాలి, దానికి లాయరు ఉంటే మేలు. సాక్షిగా విచారించడానికి మహిళలను, 60 ఏళ్లు దాటినవారిని స్టేషన్‌కు రమ్మనకూడదు, ఇంటికే రావాలి. పోలీసులు రాసుకునే సాక్షి వాంగ్మూలం మీద సంతకం అవసరం లేదు. తెల్లకాగితం మీద సంతకం ఎప్పుడూ, ఎవరికీ ఇవ్వకండి.

మీ మీదే ఆరోపణ ఉందంటే ఆ రోజే లాయరు కావాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం 35వ సెక్షన్ కింద పోలీసులు నోటీసు ఇస్తే దాన్ని పాటించాలి. పాటించినంతకాలం, కారణాలు రాసి చూపితే తప్ప అరెస్టు చేయకూడదు. అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, మీవాళ్లకు తెలపాలి, 24 గంటల్లోగా మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి. విచారణ జరిగే సమయంలో లాయరును కలుసుకునే హక్కు ఉంది. 'డిజిటల్ అరెస్టు' అనేది ఏ చట్టంలోనూ లేదు. వీడియో కాల్‌లో అలా బెదిరిస్తే ఫోను పెట్టేసి 1930కి చెప్పండి.

లాయరు ముందు కూర్చున్నప్పుడు

వినియోగదారుల ఫిర్యాదుకు లాయరు తప్పనిసరి కాదు. 1915కు ఫోన్ చేసి మొదలుపెట్టొచ్చు. వస్తువుకో సేవకో చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫీజు లేదు, గడువు రెండేళ్లు. సమాచార హక్కు అర్జీ, ఈసీ నకలు కూడా సొంతంగా తెచ్చుకునేవే.

లాయరు కావలసిన చోట మాత్రం, మీ పనికి తగ్గ మనిషిని వెతకండి. చెక్కు కేసులు చేసే ఆయనకు భూమి రికార్డులు కొట్టినపిండి కాకపోవచ్చు. వెళ్లే ముందు ఒక కాగితం మీద తేదీల వారీగా జరిగింది రాసుకోండి. జిరాక్సులు ఇవ్వండి, ఒరిజినల్స్ కోర్టులో దాఖలు చేయాల్సిన రోజున ఇవ్వండి, ఇచ్చినట్టు రాయించుకోండి. మీకు వ్యతిరేకంగా ఉన్నదేదో అదే ముందు చెప్పండి. జరిగిపోయినదాని గురించి సలహా కోసం మీరు చెప్పింది మీ అనుమతి లేకుండా లాయరు బయటపెట్టకుండా చట్టం కాపాడుతుంది. మీరు దాచినది మాత్రం అవతలి లాయరు క్రాస్ ఎగ్జామినేషన్‌లో బయటికి తీస్తాడు. ఫీజు మొత్తమెంత, ఏ దశలో ఎంత, టైపింగు, కోర్టు ఫీజు వేరా అన్నది మొదటి రోజే అడగండి, తప్పు లేదు. గెలిస్తే వచ్చినదాంట్లో వాటా అని మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకు విరుద్ధం. కేసు నంబరు, అక్షరాలూ అంకెలూ కలిపి 16 ఉండే సీఎన్ఆర్ నంబరు తీసుకుంటే ఈ-కోర్ట్స్ యాప్‌లో వాయిదా తేదీ మీరే చూసుకోవచ్చు.

డబ్బు లేదని ఆగకండి. మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, వికలాంగులు, కస్టడీలో ఉన్నవాళ్లు – వీళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ప్రభుత్వ ఖర్చుతో లాయరును పెట్టాలని 1987 నాటి చట్టం చెబుతోంది. మిగతావాళ్లలో చాలామందికి ఆదాయ పరిమితి ఉంది. జిల్లా కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అర్జీ ఇవ్వండి, లేదా 15100కు ఫోన్ చేయండి. కేసు వేయకముందే తగాదాను లోక్ అదాలత్‌లో పెట్టమని కూడా అక్కడే అడగొచ్చు. కోర్టులో ఉన్న కేసు అక్కడ రాజీ అయితే కట్టిన కోర్టు ఫీజు తిరిగి వస్తుంది. ఆ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. అందుకే రాసిన షరతులు తెలుగులో చదివించుకుని వినండి. నచ్చకపోతే సంతకం చేయనని చెప్పొచ్చు. కోర్టు నుంచి వచ్చిన కేసైతే అక్కడికే తిరిగి వెళుతుంది, మీ హక్కుకు నష్టమేమీ ఉండదు.